గూడబాతుల సీమంతం

కొక్కెరమడుగు ఊళ్లో పోట్లాటలన్నీ ఎండాకాలంలోనే జరుగుతాయి. గట్టు జరిపాడనో, గొడ్డు వచ్చి పైరు మేసిందనో కార్తీకమాసంలో ఒకడికి ఒళ్లు మండిందనుకోండి, వాడు ఎదుటివాడి దగ్గరికి పోయి రహస్యం చెప్పినంత మెల్లగా, "చైత్రం రానీరా, నీ సంగతి తేలుస్తా" అంటాడు. ఎదుటివాడు కూడా అంతే మెల్లగా, "రారా, నేను మాత్రం యాడికి పోతా" అంటాడు. ఇద్దరూ ఎవరింటికి వాళ్లు పోతారు. చైత్రం వచ్చేసరికి సగం మందికి కోపం ఎందుకొచ్చిందో గుర్తుండదు. మిగిలిన సగం మంది ఆర్నెల్ల కేకలూ ఒక్కసారే వేసుకుని ఊరు దుమ్ము లేపేస్తారు.

కారణం ఊరి పక్కనున్న మడుగు. అది పక్షుల రక్షణ కేంద్రం. తుపాను వానలు పడి మడుగు నిండగానే నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీదికి గూడబాతులు దిగుతాయి. గూళ్లు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపుకుని, ఎండలు ముదరగానే వెళ్లిపోతాయి. ఊరివాళ్ల లెక్కలో అవి పక్షులు కావు, పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడబిడ్డలు. పురిటిబిడ్డ ఉన్న ఇంట్లో ఎవరైనా గట్టిగా అరుస్తారా? అందుకని అక్కడ దీపావళికి దీపాలు వెలుగుతాయిగానీ ఒక్క టపాకాయ పేలదు. పెళ్లి మేళం ఊరి మలుపులోనే ఆగిపోతుంది. కొత్త పెళ్లికూతురు మేళం లేకుండా, కాళ్ల పట్టీలు విప్పి చేత్తో పట్టుకుని ఊళ్లోకి నడిచి వస్తుంది. రామాలయం మైకు వానాకాలంలో కిందికి దిగితే మళ్లీ శ్రీరామనవమికే పైకెక్కుతుంది.

పూల సంగతీ అంతే. ఆ కాలంలో మడుగు నిండా కలువలు, తామరలు. గట్ల మీద తెల్లగా తుమ్మి, నీలంగా విష్ణుక్రాంత, పచ్చగా తుత్తురబెండ. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. అయినా మడుగులో పువ్వు ఎవరూ కోయరు, ఆ ఆకుల మీదే సన్నకాళ్ల పిట్టొకటి గుడ్లు పెడుతుంది గనుక. ఇదంతా ఒక ఆచారమని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. దానికో పేరూ లేదు. అడిగితే "గమ్మునుంటాం, అంతే" అంటారు.

ఆ అంతేని అంతటితో ఉండనివ్వనివాడు పెంచలయ్య.

పెంచలయ్య ఆ రక్షణ కేంద్రానికి సెక్షన్ ఆఫీసరు. ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతం నుంచి ఉద్యోగానికని వచ్చి, ఆ ఊరి పిల్ల సుప్రజను పెళ్లి చేసుకుని ఊరికి అల్లుడయ్యాడు. ఆ వరసన గూడబాతులన్నీ అతనికి మరదళ్లే. "డ్యూటీకి పోతుండావా, మరదళ్లతో సరసాలకు పోతుండావా?" అని అత్త చెంగమ్మ ఎగతాళి చేస్తే మురిసిపోయేవాడు. మంచివాడు, పని తెలిసినవాడు. ఒక్కటే లోపం. పైఅధికారి కనిపిస్తే అతని నోట్లో రెండే మాటలు మిగిలేవి, "సరే" అన్నదీ "సార్" అన్నదీ. ఇంట్లో ఏం కూర చేయాలో అడిగినా సుప్రజకు ఒక్కోసారి అదే జవాబు వచ్చేది.

ఆ ఏడు శ్రావణంలో రాజధానిలో సమావేశం జరిగింది. ప్రకృతి సంబరాల డైరెక్టరేట్ అని కొత్తగా ఒకటి పుట్టింది. దాని డైరెక్టరు సర్వోత్తమరావు గారు మహా ఉత్సాహవంతుడు. అప్పటికే ఒక కొండకు షష్టిపూర్తి, ఒక వాగుకు గృహప్రవేశం జరిపించి ఉన్నారు. ఆయన అందరినీ లేపి నిలబెట్టి, మీ మీ కేంద్రాల్లో ప్రజలకూ ప్రకృతికీ ఉన్న అనుబంధం గురించి చెప్పమన్నారు. అందరూ "అనుబంధం బాగానే ఉంది సార్" అని కూర్చున్నారు. పెంచలయ్యకు మాత్రం అత్తగారి ఊరి మీద ప్రేమ పొంగుకొచ్చింది. నోరు జారి, ఆడబిడ్డల సంగతి, మరదళ్ల వరస, పురుడు సంగతి, పెళ్లికూతురి పట్టీల సంగతి అంతా చెప్పేశాడు.

సర్వోత్తమరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంత గొప్ప అమూర్త వారసత్వ సంపద మన పరిధిలో ఉండి కూడా ఇంతవరకు దాన్ని ఎవరూ నిర్వహించడం లేదా?" అన్నారు.

"ఊరివాళ్లే సార్..." అన్నాడు పెంచలయ్య.

"అంటే అనధికారికంగా జరుగుతోందన్నమాట. పరిశీలనకు వస్తున్నాను."

"సరే సార్" అన్నాడు పెంచలయ్య.

గూడబాతులు దిగి గూళ్లకు పుల్లలు మోస్తున్న రోజుల్లో డైరెక్టరు గారు కొక్కెరమడుగుకు వేంచేశారు. వెంట ఫొటోలు తీసేవాళ్లు, గొడుగు పట్టేవాళ్లు, కార్యక్రమ రూపకర్త అని చెవిపోగు పెట్టుకున్న ఒక పెద్దమనిషి. గట్టు మీద కుర్చీ వేశారు. ఆయన కూర్చుని, "ఊఁ, మొదలుపెట్టమనండి" అన్నారు.

"ఏంది సార్ మొదలుపెట్టేది?" అన్నాడు సర్పంచి.

"సంప్రదాయం."

"జరగతానే ఉండాది గదా సార్" అన్నాడు సర్పంచి మెల్లగా.

సర్వోత్తమరావు గారు చెవి రిక్కించారు. ఎక్కడో ఒక గూడబాతు రెక్క విదిల్చింది. కలువల మధ్య సన్నకాళ్ల పిట్ట ఒక ఆకు మీద నుంచి ఇంకో ఆకు మీదికి దాటింది. గాలికి తుమ్మిపూలు ఊగాయి. ఇంకేమీ జరగలేదు. ఫొటోగ్రాఫరు కెమెరా అటు తిప్పి, ఇటు తిప్పి, చివరకు డైరెక్టరు గారినే తీశాడు.

"ఇందులో దృశ్యం లేదయ్యా" అని బాధపడ్డారు ఆయన. "సంప్రదాయం అంటే ఏదో ఒకటి చేయాలి. చేయకపోవడం సంప్రదాయం ఎలా అవుతుంది? చేయకపోవడాన్ని పర్యవేక్షించడం ఎలా? అమలును సమీక్షించడం ఎలా? ఈ లెక్కన ఏ ఊరివాడైనా ఏమీ చేయకుండా కూర్చుని సంప్రదాయం అనవచ్చు."

ఆడవాళ్లలోంచి చెంగమ్మ కలగజేసుకుంది. "పురిటికొచ్చిన బిడ్డలు సామీ. మనం చేసేదేముండాది? వాళ్లని కదిలీకుండా ఉంటే వాళ్లే కంటారు, వాళ్లే పోతారు."

"పురిటికి వచ్చారు. సరే. సీమంతం జరిగిందా?"

చెంగమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. పక్కావిడ వైపు చూసింది. పక్కావిడ ముక్కు మీద వేలేసుకుంది.

"జరగలేదు కదూ!" సర్వోత్తమరావు గారు కుర్చీలోంచి లేచారు. "తరతరాలుగా మన రాష్ట్ర పక్షులకు సీమంతాలు లేకుండానే పురుళ్లు జరుగుతున్నాయి. ఇది సిగ్గుచేటు. నేను మీ ఊరిని అనడం లేదమ్మా, మా శాఖ వైఫల్యం ఇది. దీన్ని సరిదిద్దే బాధ్యత నాది." పెంచలయ్య వైపు తిరిగి, "రాష్ట్ర పండుగగా చేద్దాం. మౌన సీమంత మహోత్సవం. ఏమంటారు?" అన్నారు.

పెంచలయ్య ఏమన్నాడో చెప్పనక్కర్లేదు.

తర్వాతి వారం కమిటీ కూర్చుంది. పక్షుల శాస్త్రం చదివిన ఒకాయన లేచి, గూడబాతులు గుడ్లు పెట్టే జాతి గనుక వాటికి గర్భం అనే మాట సాంకేతికంగా వర్తించదని మనవి చేశాడు. "గర్భం అనే భావనను మనం విశాల దృక్పథంతో చూడాలి" అని డైరెక్టరు గారు ఆయన్ను కూర్చోబెట్టారు. సీమంతం తొలిచూలుకే చేస్తారు కదా, ఏ పక్షికి తొలిచూలో, ఏ పక్షికి మలిచూలో ఎలా తెలుస్తుందని ఇంకొకరు అడిగారు. ఇంతవరకు ఏ పక్షికీ సీమంతం జరిగిన దాఖలాలు లేవు కాబట్టి అన్నింటికీ ఇది తొలిచూలుగానే పరిగణించాలని తీర్మానించారు. ఆడదేదో మగదేదో దూరం నుంచి తెలియదన్న చిక్కుకు, గూటి మీద కూర్చున్న ప్రతి పక్షీ గర్భవతిగా భావించబడుతుందని పరిష్కారం దొరికింది.

పీటల మీద ఎవరిని కూర్చోబెట్టాలన్న దగ్గర చర్చ ముదిరింది. పక్షిని పట్టుకుంటే చట్టరీత్యా నేరం. పట్టుకోకపోతే గాజులు ఎవరికి తొడుగుతారు? రూపకర్త చెవిపోగు సవరించుకుని, ఫైబరుతో నిలువెత్తు గూడబాతును చేయిస్తామని, దానికి పూలజడ వేస్తామని, అది అన్ని గూడబాతుల తరఫునా సీమంతం అందుకుంటుందని చెప్పాడు. గూడబాతుకు జుట్టు లేదు కదా అన్నాడు శాస్త్రజ్ఞుడు. ఆయన్ను కమిటీలోంచి తీసేశారు.

"పూలు మాత్రం బజారు పూలు వద్దు" అన్నారు డైరెక్టరు గారు. "స్థానికతే మన ప్రాణం. మడుగు పూలే వాడాలి."

"ఇక మౌనం సంగతి" అన్నాడు రూపకర్త. "ఈ ఊరి మౌనం గురించి బయట ఎవరికీ తెలీదు సార్. దాన్ని గట్టిగా వినిపించాలి."

గట్టు పొడుగునా స్పీకర్లు పెట్టాలని, మౌన ప్రచార రథం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగాలని, డప్పులతో మౌన యాత్ర సాగాలని నిర్ణయమైంది. మౌన గీతం రాయించే పని ఒక కవికి అప్పజెప్పారు. ఆయన పల్లవిలోనే "గొంతెత్తి చాటుదాం" అని రాశాడు. అందరికీ నచ్చింది.

పెంచలయ్య అత్తగారింటికొచ్చేసరికి సుప్రజ వసారాలో కూర్చుని ఉంది. ఆమెకు ఏడో నెల. కాళ్లు చాపుకుని, గోడకు ఆనుకుని, మడుగు వైపు చూస్తోంది.

"ఏందయ్యా, ఊళ్లో ఏందో అనుకుంటుండారే, నిజమేనా?"

"చిన్న కార్యక్రమమే. గట్టు మీద పూజ చేసి పోతారు."

"నాకు సీమంతం చేసేటప్పుడు మా అమ్మ నన్ను పిలిచి అడిగింది, 'ఎంతసేపు కూర్చోగలవు బిడ్డా' అని. వాటినెవరన్నా అడిగినారా?"

"నవ్వులాటకొద్దు సుప్రజా."

"నేను నవ్వట్లేదు" అంది సుప్రజ. నిజంగానే ఆమె నవ్వడం లేదు.

ఊరు మొదట్లో దీన్నంతా వేడుకగానే చూసింది. మనదాకా ఎక్కడొస్తుందిలే అనుకుంది. తర్వాత సర్పంచికి పుట్టింటి పెద్ద అని హోదా ఇచ్చి తలపాగా పంపారు. ఆడవాళ్లకు పుట్టింటివారు అని ఒకే రంగు చీరలు పంచారు. ఆ ఊరిని పిలిచి పెద్దపీట వేసినవాళ్లు అంతకుముందు లేరు మరి. తలపాగా పెట్టుకుని అద్దంలో చూసుకున్న సర్పంచి, కాదని ఎట్లా అనగలడు? చెంగమ్మ ఒక్కతే చీర మడత విప్పకుండా కొయ్యకు తగిలించింది.

ఆ తర్వాత పూలవాళ్లు దిగారు. కాంట్రాక్టరు మనుషులు తెప్పలేసుకుని వచ్చి, కలువల్ని తూడులు, దుంపలతో సహా లాగి గట్టు మీద పోశారు. తామరాకులు విస్తళ్లకు పనికొస్తాయని అవీ లాగారు. గట్ల మీది తుమ్మి, విష్ణుక్రాంత, తుత్తురబెండ, దేన్నీ వదల్లేదు. స్థానికత కదా. పూలన్నీ పోయాక మడుగు బోడిగుండులా మిగిలింది. సన్నకాళ్ల పిట్టలు నిలబడ్డానికి ఆకు లేక, నీళ్ల మీద గుండ్రంగా ఎగురుతూ అరిచాయి. అంతకుముందు గుడ్లున్న ఒక ఆకు తలకిందులై తేలుతూ వచ్చి పెంచలయ్య నిలబడ్డ చోట గట్టుకు తగిలింది. అతను దాన్ని తిరగేసి చూశాడు. ఏమీ లేదు.

"చెప్పు నాయనా" అంది చెంగమ్మ, పక్కకొచ్చి నిలబడి. "నువ్వు ఆఫీసరువి. నా మాట వాళ్లకెక్కదు. బిడ్డలు బెదురుతుండారని ఒక్క మాట చెప్పు."

"చెప్తానత్తా."

చెప్పడానికే పోయాడు. దారి పొడుగునా ఆ వాక్యాన్ని వల్లె వేసుకుంటూ పోయాడు. ఉత్సవానికని గట్టు పక్కన వేసిన డేరాలో డైరెక్టరు గారు మౌన గీతానికి స్వరం వింటూ తల ఊపుతున్నారు. పెంచలయ్య నిలబడి, జీవితంలో మొదటిసారి రెండు మాటల కన్నా ఎక్కువ మాట్లాడాడు. "సార్, పక్షులకు ఇంత చప్పుడు అలవాటు లేదు సార్. భయపడి గుడ్ల మీద నుంచి లేచిపోతాయి సార్."

సర్వోత్తమరావు గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్లల్లో మెచ్చుకోలు కనిపించింది. "మంచి పాయింటు లేవనెత్తారు. ఇలాంటి క్షేత్రస్థాయి సూచనలే నాకు కావాలి. అలవాటు లేకపోవడమే సమస్య. అయితే అలవాటు చేద్దాం. రేపటి నుంచి ఉదయం, సాయంత్రం రిహార్సల్. లబ్ధిదారులకు ముందస్తు అవగాహన కల్పించకపోవడం మన లోపమే."

"సార్, అది కాదు..."

"పర్యవేక్షణ మీరే చూసుకోండి. మీ ఆలోచనే కదా."

పెంచలయ్య నోరు తెరిచాడు. అందులోంచి పాత మాటలే వచ్చాయి.

అప్పట్నుంచి తెల్లారేసరికి సన్నాయి, పొద్దుగూకేసరికి డప్పులు. "మౌనమే మన భాష! మౌనమే మన శ్వాస!" అని ప్రచార రథం ఊళ్లోంచి గట్టు మీదికి, గట్టు మీంచి ఊళ్లోకి తిరిగింది. గూడబాతులు మొదటిరోజు లేచి, చుట్టు తిరిగి, మళ్లీ దిగాయి. రెండోరోజు లేచి, దిగడానికి చాలాసేపు తటపటాయించాయి. అవి లేచిన ప్రతిసారీ కాకులు గూళ్ల దగ్గరికి వచ్చేవి. పెంచలయ్య కర్ర పట్టుకుని గట్టు మీద పరుగెత్తుతూ, అరవకూడదు గనుక అరవకుండా, చేతులు ఊపుతూ కాకుల్ని తోలేవాడు. రూపకర్త అది చూసి, ఆ నృత్యం బాగుందని, కార్యక్రమంలో పెడదామని రాసుకున్నాడు.

ఉత్సవం రోజు కొక్కెరమడుగుకు దారి పట్టనంత జనం వచ్చారు. వేదిక మీద పీట. పీట మీద ఫైబరు గూడబాతు, పట్టుచీర చుట్టుకుని, మెడ వెనక నుంచి నేలదాకా మడుగు కలువలతో పూలజడ వేయించుకుని, అందరి వైపూ సంతృప్తిగా చూస్తోంది. ముత్తయిదువులు వరసగా వచ్చి దాని రెక్కలకు గాజులు తొడిగారు. రెక్కలకు గాజులు నిలవక జారి వేదిక మీద పగులుతుంటే ఒక వాలంటీరు గాజుముక్కలు ఊడ్చాడు. సర్పంచి తలపాగా సర్దుకుంటూ చలిమిడి పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

అతిథులు మౌనం మీద మాట్లాడారు. మౌనం ఎంత గొప్పదో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా, ముందువాళ్లకన్నా గట్టిగా చెప్పారు. సర్వోత్తమరావు గారు చివర్లో లేచి, "మాటలు అనవసరం" అని మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా మాట్లాడారు. అప్పుడు యాంకరు మైకు అందుకుని, "ఇప్పుడు మనమందరం పక్షి సోదరీమణుల గౌరవార్థం కాసేపు మౌనం పాటిద్దాం" అంది. వెనక నుంచి వయొలిన్ వాయించారు, మౌనం మరీ వెలితిగా ఉంటుందని. వయొలిన్ ఆగాక, మౌనం విజయవంతంగా ముగిసిందనడానికి సూచనగా, కాలుష్యం లేని బాణసంచా కాల్చారు.

మొదటి చప్పుడుకే కడప చెట్లన్నీ ఒక్కసారి తెల్లగా కదిలాయి. గూడబాతులన్నీ లేచాయి. మడుగు మీద ఒక చుట్టు తిరిగాయి. రెండో చుట్టుకి ఇంకా పైకి పోయాయి. మూడో చుట్టు తిరగలేదు.

"చూడండి! చూడండి! పక్షులు మనల్ని ఆశీర్వదిస్తున్నాయి! చప్పట్లు!" అని యాంకరు కేక పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. కొక్కెరమడుగు ఆడవాళ్లు మాత్రం, ఒకే రంగు చీరల్లో, చేతులు కట్టుకుని ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో ఒక ముసలావిడ ఏడుస్తోంది. సర్పంచి తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

పెంచలయ్య గట్టు చివర కర్రతో నిలబడి ఉన్నాడు. కాకులు గుంపుగా దిగాయి. అతను కొన్నిటిని తోలాడు. అవి అటు నుంచి లేచి ఇటు దిగాయి. కాసేపటికి కర్ర పక్కన పడేసి కూర్చుండిపోయాడు. ఇంత పని తానే చేశాడని అతనికి తెలుసు. డైరెక్టరుకు పక్షులంటే ఏమిటో తెలియదు, తనకు తెలుసు. తెలిసి తల ఊపాడు. ఆ మాట మనసులో అనుకోగానే ఏడుపొచ్చింది. ఏడిస్తే గూళ్లలోకి గుడ్లు తిరిగి రావు గదా అనుకున్నాడు. అయినా ఏడుపు ఆగలేదు.

ఆ సాయంత్రమే పత్రికలకు ప్రకటన వెళ్లింది. సీమంతం అనంతరం పుట్టింటి లాంఛనాలతో పక్షులను సగౌరవంగా అత్తవారింటికి సాగనంపడం జరిగిందని, అవి ఒక్కటి కూడా వెనుదిరిగి చూడకుండా వెళ్లడం వాటి సంతృప్తికి నిదర్శనమని అందులో రాశారు. డైరెక్టరేట్‌కు ఉత్తమ నిర్వహణ పురస్కారం వచ్చింది. పెంచలయ్యకు ప్రశంసాపత్రం వచ్చింది. అతను దాన్ని ఇంట్లోకి తేకుండా ఆఫీసు బీరువా మీద పడేశాడు.

ఊరు మారిపోయింది. పుష్యమాసంలోనే ఇద్దరు నడివీధిలో జుట్లు పట్టుకున్నారు. గొంతు చించుకుని తిట్టుకుంటుంటే ఎవరూ వద్దనలేదు. వద్దనడానికి కారణమేముంది? బోసిగా ఉన్న కడప చెట్ల వైపు అందరూ పోవడం మానేశారు. పూలు కూడా మళ్లీ రాలేదు, దుంపలతో సహా లాగేశారు మరి. చెంగమ్మ అల్లుడితో మాట్లాడటం తగ్గించింది. తిట్టి ఉంటే పెంచలయ్యకు కొంచెం బాగుండేది.

మాఘమాసంలో సుప్రజకు ఆడపిల్ల పుట్టింది. ఎర్రగా, గుప్పెడంత ఉంది. ఆస్పత్రి నుంచి పుట్టింటికి తెచ్చారు. అప్పుడు పెంచలయ్య ఒకటి గమనించాడు. ఆ వీధిలో మళ్లీ గొంతులు తగ్గాయి. పక్కింటివాళ్లు తలుపు వేసేటప్పుడు చేత్తో ఆపి వేస్తున్నారు. జుట్లు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు వాకిట్లోకి వచ్చి, చేతుల్తో సైగ చేసి పాప బాగుందా అని అడిగి పోయాడు. పెంచలయ్యకు చాలా రోజుల తర్వాత ఊపిరి సరిగ్గా ఆడింది.

అదిగో అప్పుడు ఫోను మోగింది.

"శుభాకాంక్షలు పెంచలయ్యా!" సర్వోత్తమరావు గారి గొంతులో ఉత్సాహం ఉరకలేస్తోంది. "సీమంతం అయింది. తార్కికంగా తర్వాతి ఘట్టం ఏమిటి? బారసాల! ఈ నెలాఖరుకు పెట్టుకుందాం. అతిథులు ఒప్పుకున్నారు. పిల్లలు ఎలా ఉన్నాయి?"

"పిల్లలు లేవు సార్."

"లేవంటే?"

"పక్షులే లేవు సార్. ఆరోజు పోయినవి మళ్లీ రాలేదు."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "బారసాలకు శిశువు తప్పనిసరి కదయ్యా. సీమంతంలా ఫైబరుతో లాగించలేం, ఏడిస్తేనే సహజంగా ఉంటుంది." మళ్లీ కాగితాల చప్పుడు. "మీకు పాప పుట్టిందట కదా? కేంద్రం పరిధిలోనే?"

పెంచలయ్య తిరిగి లోపలి ఉయ్యాల వైపు చూశాడు.

"ఇంకేం! స్థానిక శిశువు. పైగా మీరన్నట్టు ఆ పక్షులు మీకు మరదళ్లు. అంటే రక్తసంబంధం ఉన్నట్టే. ప్రతినిధిగా ఉయ్యాల్లో వేద్దాం. మెత్తటి గుడ్డతో ముక్కు కుట్టిస్తాం, రెండు రెక్కలు తగిలిస్తాం. శిశు భద్రతా మార్గదర్శకాలన్నీ పాటిస్తాం. మన రూపకర్త ఇప్పటికే బయల్దేరాడు. ఈసారి లబ్ధిదారుకు ముందుగానే అలవాటు చేయాలని ఆదేశించాను, పోయినసారి మీరిచ్చిన సలహానే. ఏమంటారు?"

అలవాటైన రెండు మాటలూ పెంచలయ్య నాలుక చివరిదాకా వచ్చాయి. అతను పళ్లు బిగించాడు. అవతల "హలో? హలో?" అని కాసేపు వినిపించి ఫోను ఆగిపోయింది.

అతను లోపలికి పోయి చెప్పాడు. ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతుండగానే ఊరి మలుపులో మైకు గరగరలాడింది. డప్పు మొదలైంది. "పలుకుదాం, పలుకుదాం, పాప పేరు పలుకుదాం!" అంటూ ప్రచార రథం వీధిలోకి తిరిగింది. ఉయ్యాల్లో పాప ఒళ్లంతా ఉలిక్కిపడి, పిడికిళ్లు బిగించి, గుక్కపట్టి ఏడ్చింది. సుప్రజ బిడ్డను గుండెకు హత్తుకుని అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అతను ఈసారి ఏం చేస్తాడో చూద్దామన్నట్టుంది.

"బట్టలు సర్దు" అన్నాడు పెంచలయ్య. "మా అమ్మ దగ్గరికి పోదాం."

"నీ ఉద్యోగం?"

"పోతే పోనీ. సస్పెండు చేస్తారు, చేసుకోనీ."

చెంగమ్మ అప్పటికే మూట కడుతోంది. కళ్లనీళ్లు చెంగుతో అద్దుకుంటూ, "పురిటిబిడ్డను మూడు నెలలు కూడా పెట్టుకోలేకపోతినే" అంది. "పో నాయనా, పెరటి దోవన పోండి. ముందరి వాకిలి నేను చూసుకుంటా." చాలా రోజుల తర్వాత ఆమె అతన్ని నాయనా అని పిలిచింది.

పెరట్లోంచి, చేల గట్ల మీదుగా రోడ్డెక్కి, ఉదయగిరి వైపు పోయే బస్సు పట్టుకున్నారు. మధ్యాహ్నపు ఎండలో బస్సు సగం ఖాళీగా ఉంది. పాప తల్లి ఒళ్లో వెక్కిళ్లు పెడుతూ పెడుతూ నిద్రలోకి జారింది. మళ్లీ ఫోను మోగింది.

"ఎక్కడున్నారయ్యా? మా వాళ్లు మీ ఇంటి ముందు ముక్కు, రెక్కలు పట్టుకుని నిలబడి ఉన్నారు. శిశువు ఏది?"

"ఎగిరిపోయింది సార్" అన్నాడు పెంచలయ్య.

సర్వోత్తమరావు గారు ఆదుర్దాగా అడిగారు. "ఎగిరేటప్పుడు ఫొటో ఏమైనా తీశారా?"

పెంచలయ్య ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరయ్యా?" అంది సుప్రజ.

"మెల్లిగా మాట్లాడు" అన్నాడు అతను, పాప కాళ్ల మీద గుడ్డ సర్దుతూ. "నిద్రపోతుండాది."